దయ్యం పట్టుకున్న చెయ్యి

నేను చెప్పేవాటిలో ముప్పావు వంతు కోతలేనని మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం మా మనవరాలు నన్ను వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి, "తాతా, ఇవాళ ఒక్క అబద్ధమాడినా ఊరుకోను" అన్నప్పుడు నవ్వేశాను. అది మాత్రం నవ్వలేదు.

దానిది నెత్తురు చదువు. ఒంట్లో రోగాలతో పోరాడే కాపలా బలగం ఒక్కోసారి కంచే చేను మేసినట్టు మన ఒంటినే మేస్తుందట. ఆ దొంగను లాబ్‌లో పట్టుకోవడం నేర్చుకుంటోంది. అక్కడొక ఆనవాయితీ ఉంది. ప్రతి విద్యార్థీ తన నెత్తురే తెచ్చి, జబ్బు లేని మనిషి నమూనా అని రోగి నమూనా పక్కన పెట్టి చూడాలి. మా పిల్ల ఊరందరికీ గుచ్చగలదుగానీ, తనకి సూదంటే కళ్లు తిరుగుతాయి. ముందురోజు నా చేతినుంచి నెత్తురు తీసి, గొట్టం మీద తన నంబరు రాసుకుంది.

"గుర్రంలాంటి మనిషివి, నీకేం రోగం?" అంది.

"గుర్రం కాదే, ఏనుగు" అన్నాను.

ఇప్పుడు అదే గుర్తుచేశాను. "ఏమయిందే? మీ మేడమ్‌కి నా నెత్తుట్లో ఏనుగు కనబడిందా?"

"పచ్చగా వెలిగింది తాతా."

జబ్బు లేని మనిషి నెత్తురైతే చీకటిగదిలో, మైక్రోస్కోపు కింద స్లైడు నల్లగా ఉండాలట. నాది వేసినచోట ఒక్కో కణంలో ఆకుపచ్చ చుక్కలు, ఆవాలు చల్లినట్టు. పల్చన చేసి చూశారు. ఇంకా పల్చన చేశారు. ఆరుసార్లు చేసినా చుక్కలు ఆరలేదు. మేడమ్ దీన్ని పక్కకి పిలిచి, "ఎప్పట్నుంచమ్మా ఒంట్లో బాగాలేదు?" అని భుజం మీద చెయ్యేసిందట. ఇది అసలు సంగతి చెప్పకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"జబ్బు నాకే అనుకుంటోంది ఆవిడ. అది సరేలే. జబ్బు లేకపోయినా ఒక్కోసారి ఆ చుక్కలు ఉంటాయి తాతా. ఒంట్లో గుర్తులుంటేనే భయం. చెప్పు, ముద్ద మింగుతుంటే అడ్డుపడుతోందా?"

"ముద్దకి నాతో కబుర్లంటే సరదా. గొంతులో కాసేపు ఆగి..."

"తాతా!"

పుట్టిన దగ్గర్నుంచి నా మీద గొంతెత్తని పిల్ల.

"లేదే" అన్నాను.

"నిన్నెలా నమ్మను?" అంటూ నా కుడిచేతికేసి చూసింది. చూస్తూ చూస్తూ దాని మొహం పాలిపోయింది. "ఐసు ఫ్యాక్టరీ దయ్యం" అంది మెల్లగా.

అది నేను వందసార్లు చెప్పిన కథ. ఐసు ఫ్యాక్టరీలో కాపలా కాసే రోజుల్లో ఓ ఆడదయ్యం నా చెయ్యి పట్టుకుందనీ, అప్పట్నుంచీ చలి తగిలితే నా వేళ్లు సున్నంలా తెల్లబడి, నీలమై, ఎర్రబడతాయనీ. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. ఇదీ నవ్వేది.

"దయ్యం అబద్ధం. మరి వేళ్లు నిజంగానే తెల్లబడతాయా? అదీ ఒక గుర్తే."

నోటితో చెబితే ఏది చెప్పినా కోతలాగే ఉంటుంది. లేచి ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి, గిన్నెడు నీళ్లలో వేసి, చెయ్యి ముంచాను. ముందు చూపుడువేలు తెల్లబడింది, కొసనుంచి కణుపుదాకా, గీత గీసినట్టు. ఆ వెంటనే మధ్యవేలు.

"చాలు తాతా, తియ్యి!"

నా వేళ్లు తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. దాని చేతులు నావికన్నా చల్లగా ఉన్నాయి.

"ముద్ద అడ్డుపడుతోంది. ఆర్నెల్లయింది. నీళ్లు తాగి దింపుతున్నా" అన్నాను.

అది ఫోన్ తీసింది. "మేడమ్, ఆ నెత్తురు నాది కాదండీ. మా తాతది. తప్పు చేశాను" అంది. చాలాసేపు విని పెట్టేసింది.

"చదువు మానిపిస్తారేమిటే?"

"ఏమో. రేపు పొద్దున్నే నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకురమ్మన్నారు."

"ఏమే, ఆ చుక్కలకి చస్తానంటావా?" ఎకసెక్కంగానే మొదలుపెట్టాను. సగంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తెలీదు తాతా" అంది, నా వేళ్లు వదలకుండా.

మా ఇంట్లో కోతలు కొయ్యడం రానిది అదొక్కతే. ఆ ఒక్క పూటకి వచ్చుంటే బాగుండేది.