వేళ్లకీ బరువేనమ్మా

ఇసుక నలుగుతున్న చప్పుడు.

కాలు కింద మోపితే చాలు… మోకాలి లోపల ఎవరో తడి ఇసుకను రెండు రాళ్ల మధ్య వేసి నూరుతున్నట్టు. చెవికి కాదు, పళ్లకు వినపడే చప్పుడు.

ఒక మెట్టు. ఆగింది.

ఇంకో మెట్టు. ఆగింది.

మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది.

కర్టెన్లు కుట్టే దుకాణం అది. కింద గుడ్డల బేళ్లు. పైన కుట్టుమిషన్లు, కిటికీ పక్కన పొడవాటి బల్ల. ఆ బల్ల ఆమెది. పదహారేళ్లుగా కత్తెర ఆమె చేతిలోనే. సుద్దగీత మీద కత్తెర పెట్టిందంటే నీళ్లలో పడవ వెళ్లినట్టు వెళ్లేది. ఒక్క పోగు అటు పోదు, ఒక్క పోగు ఇటు రాదు.

నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషి. దుకాణంలో ఆమె పేరు గుమ్మడక్క. ఎదురుగానే అంటారు. ప్రేమగానే అంటారు. ప్రేమగా అన్న మాటకు మొహం మాడ్చుకుంటే తప్పు మనదే అవుతుంది కాబట్టి, ఆమె కూడా నవ్వేది.

వాళ్ల మీద ఆమెకు కోపం లేదు.

ఆమె పగంతా ఒక్కడి మీద.

ఎముకల డాక్టరు. పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు చదువుకునే పిల్లలు, చేతుల్లో పుస్తకాలతో.

మోకాళ్లని వెళ్లింది. బరువు తూచే మిషన్ ఎక్కమన్నాడు. ముల్లు చూశాడు. చీటీ రాశాడు.

"ముందు బరువు తగ్గమ్మా. నొప్పి దానంతటదే పోతుంది."

మూడు నెలలకు మళ్లీ వెళ్లింది. మిషన్. ముల్లు. చీటీ. అదే మాట.

ఐదేళ్లు. అదే మాట.

తగ్గాలని చూడలేదా ఆమె? చూసింది. గిన్నెడు తినే చోట గరిటెడు తిన్నది. నడవమంటే నడిచింది… నడిస్తే మోకాళ్లు వాచేవి. వాస్తే పడుకునేది. పడుకుంటే బరువు. బరువైతే నొప్పి. గానుగెద్దు బతుకు. పసుపురంగు నొప్పి మాత్రలు పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి. అవి కడుపులో నిప్పు పెట్టేవి. అయినా కత్తెర ఆడాలి కదా.

ఆ ఐదేళ్ల మొదట్లోనే ఇంకొకటి మొదలైంది.

వేళ్లు.

పొద్దున్నే లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుని ఉండేవి. చలికి గడ్డకట్టిన తాళ్లలా. గంట… గంటన్నర… వేడినీళ్లలో పెట్టుకుంటే కాస్త వదులయ్యేవి. వేళ్ల మొదళ్లు రెండు వైపులా ఒకేలా ఉబ్బేవి. ఎర్రగా. వెచ్చగా.

అది కూడా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అతను చీటీ రాస్తూనే ఉన్నాడు.

ఒకరోజు గట్టిగా చెప్పింది. రెండు చేతులూ బల్ల మీద చాపి మరీ చెప్పింది.

"చేతివేళ్లు సార్. పొద్దున్నే ముడుచుకోవు. కత్తెర జారిపోతోంది. నేను వేళ్ల మీద నడవను కదా, మరి వీటికెందుకు నొప్పి?"

అతను తలెత్తాడు. చేతుల వైపు చూడలేదు. పిల్లల వైపు చూశాడు. కన్ను గీటినట్టుగా నవ్వాడు.

"వేళ్లకీ బరువేనమ్మా!"

పిల్లలు నవ్వారు.

గొల్లున నవ్వలేదు. పుస్తకాల వెనక, మర్యాదగా, పళ్లు కనపడకుండా నవ్వారు.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. వస్తానండీ అని కూడా అన్నది. ఆ 'వస్తానండీ' తలుచుకుంటే తర్వాత ఎన్నో రోజులు ఆమెకు తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ ఒట్టు పెట్టుకుంది.

ఆ మాట వాడి నోట్లోంచి లాగేస్తాను.

వాడికి ఉన్నది ఒక్కటే మాట. బరువు. దాన్ని లాక్కుంటాను. అప్పుడు ఏమంటాడో చూస్తాను.

ఆరు నెలల్లో, బరువు తగ్గేందుకు కడుపు కోయించుకుని చిన్నది చేయించుకుంది.

ఆరోగ్యం కోసం అనుకున్నారు అందరూ. అందం కోసం అనుకున్నారు కొందరు. కలిసి ఉండే చెల్లెలు మాత్రం ఆపరేషన్ గది బయట చెయ్యి పట్టుకుని అడిగింది.

"నిజం చెప్పక్కా. ఎందుకు చేయించుకుంటున్నావ్?"

"ఒకడికి జవాబు చెప్పాలే."

చెల్లెలికి అర్థం కాలేదు. స్ట్రెచర్ కదిలిపోయింది.

లేచేసరికి కడుపు గుప్పెడైంది. గ్లాసెడు నీళ్లు తాగడానికి గంట పట్టేది. చెంచాతో గుటక. ఆగడం. ఇంకో గుటక. తొందరపడితే గుండెల్లో రాయి అడ్డుపడ్డట్టు ఉండేది. నాలుగో నెల జుట్టు దువ్వెన నిండా వచ్చింది. చర్మం వేలాడింది. కోసిన డాక్టరమ్మ మంచిది. నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ నొప్పి మాత్రలు ఇంక జన్మలో ముట్టుకోకండి. కొత్త కడుపులో పుండు పడుతుంది."

జన్మలో.

ఐదేళ్లు తనను మోసిన ఊతకర్రను ఎవరో మోకాలికి వేసి విరిచినట్టయింది.

మిగిలినవి… జ్వరానికి వేసుకునే తెల్లమాత్ర. వేడినీళ్ల గిన్నె. ఫిజియోథెరపీ గదిలో చేతుల్ని ముంచే కరిగిన మైనం. మణికట్టుకు కట్టే పట్టీ. అవి నొప్పిని తగ్గించేవి కావు. బుజ్జగించేవి. ఏడ్చే పిల్లను బుజ్జగించినట్టు. కాసేపు ఊరుకునేది. మళ్లీ ఎత్తుకునేది.

కానీ మోకాళ్లు…

పది కిలోలు పోయాక ఇసుక తగ్గింది. ఇరవై పోయాక మూడో మెట్టు మీద కూర్చోవడం మానింది. ముప్పై అయిదు పోయిన నాడు దుకాణం మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. పైకి వచ్చి, తనే నమ్మలేక, కిందికి దిగి మళ్లీ ఎక్కింది. మిషన్ల మీద ఉన్నవాళ్లందరూ కాళ్లు ఆపి చూశారు. గుమ్మడక్కా అంటూ చప్పట్లు కొట్టారు. గుమ్మడి కరిగిపోయింది, పేరు మాత్రం ముచ్చిక పట్టుకుని వేలాడుతోంది.

ఆ రోజు ఆమె నిజంగా సంతోషపడింది. అబద్ధం ఎందుకు. ఒక పూటంతా సంతోషపడింది.

సాయంత్రానికి కత్తెర చేతిలోంచి జారి కిందపడింది.

వేళ్లు తగ్గలేదు.

పెరిగాయి. చూపుడువేలు పక్కకు ఒరిగింది. నడిమి వేలు దాని వెంట వాలింది. గాలివాటుకు ఒకే వైపు వంగిన గడ్డిపరకల్లా.

చెల్లెలు ఆ చేతులు చూసి హడలిపోయింది.

"ఇది బరువు కాదక్కా. ఇంకేదో. రేపే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వాడే చూడాలి."

"నీ చేతులు నీకు ముఖ్యమా, వాడు ముఖ్యమా?"

ఆమె వెళ్లి తూకం మిషన్ ఎక్కింది.

ఎనభై లోపుకి దిగాలి. అదీ ఆమె పెట్టుకున్న గీత. ఇప్పుడే వెళ్తే ఇంకా తగ్గమంటాడు. సందు దొరుకుతుంది వాడికి. సూది మొనంత సందు కూడా ఇవ్వకూడదు. ఎనభై దిగనీ.

తొంభై. వేలు ఇంకాస్త ఒరిగింది.

ఎనభై ఆరు. జాకెట్టు హుక్కులు చెల్లెలు పెట్టింది.

ఎనభై రెండు. యజమాని ఆమె చేతిలోంచి కత్తెర తీసుకుని, బాధపడుతూనే, లేసులు వరసపెట్టే పని ఇచ్చాడు. కిటికీ పక్క బల్ల ఇంకొకరికి పోయింది.

ఓర్చుకుంది. పంటి బిగువున ఓర్చుకుంది. నూరుకున్న కత్తిని ఒరలో పెట్టుకుని తిరిగే వాడికి నొప్పి ఒక లెక్కా? కడుపు గుప్పెడైంది కానీ, పగ మాత్రం మూడు పూటలా కడుపునిండా తింటూనే ఉంది.

డెబ్బై తొమ్మిది.

పొద్దున్నే తలకు పోసుకుంది. నీలం చీర కట్టుకుంది. చెల్లెల్ని కూడా రానివ్వలేదు.

అదే గది. అదే నిటారు మనిషి. చుట్టూ అలాగే పిల్లలు, పుస్తకాలతో. అతను ఆమెను చూశాడు… పోల్చుకోలేదు.

ఎన్ని పొద్దులు ఈ క్షణాన్ని ఊహించుకుందో. ఎన్ని రకాలుగా ఊహించుకుందో. ఇదొక్కటి మాత్రం తట్టలేదు. తన ఒట్టు, తన కోత, తన రాలిన జుట్టు, అన్నీ ఈ మనిషి కోసం. ఈ మనిషికి తనెవరో తెలియదు.

మాట్లాడకుండా చేతులు బల్ల మీద పెట్టింది.

ఈసారి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. పట్టుకుని వేళ్ల మొదళ్లు నొక్కాడు. ప్రాణం జివ్వుమంది. ఉలక్కుండా కూర్చుంది.

"ఇది కీళ్లవాతం. ఇంత ముదిరేదాకా ఏం చేశారమ్మా? ముందే రావాల్సింది."

ముందే రావాల్సింది.

ఆమె పర్సు తెరిచింది. వంకరవేళ్లకు జిప్పు చిక్కలేదు. ఒక పిల్లవాడు సాయానికి ముందుకొచ్చాడు. కంటిచూపుతోనే ఆపేసింది. పళ్లతో లాగింది. లోపలి నుంచి చీటీలు తీసి ఒక్కొక్కటే అతని ముందు పరిచింది. ఐదేళ్ల చీటీలు. బల్ల నిండిపోయింది.

"చదవండి సార్."

అతను పైచీటీ చూశాడు. రాత గుర్తుపట్టాడు. మొహంలో ఏదో జారింది.

"మీరు కాస్త బయటికి వెళ్లండి" అన్నాడు పిల్లలతో.

"ఉండనివ్వండి సార్. ఆ రోజూ పిల్లలున్నారు. చదవండి. పైకి చదవండి."

అతను చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

"బరువు తగ్గాలి…" అన్నాడు. రెండో చీటీ. "బరువు తగ్గాలి." మూడోది. నాలుగోది. ఆమె ఒక్కొక్క చీటీనీ ముందుకు తోస్తూనే ఉంది. ఏడోదానికి అతని గొంతు సన్నబడింది. తొమ్మిదోదానికి ఆగిపోయాడు.

"తగ్గాను సార్. ఇప్పుడు వీటికి ఏ బరువో చెప్పండి."

ఎవరూ నవ్వలేదు.

అతను చీటీలన్నీ ఒకచోటికి చేర్చి అన్నాడు.

"తప్పు నాదేనమ్మా."

అంతే. రెండు మాటలు. మెత్తగా, నిజంగానే అన్నాడు. ఆమె దాన్ని నోట్లో వేసుకుని చూసుకుంది… రుచి లేదు. ఇన్నేళ్లు ఆకలితో ఎదురుచూసిన ముద్ద. చప్పగా ఉంది.

అతను రాసిచ్చిన కాగితం పట్టుకుని కీళ్లవాతం చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఎక్స్‌రేలు వెలుగులో పెట్టి చూసింది. వారానికి ఒక్కరోజు వేసుకునే మందు రాసింది.

"ఇంకా పాడవకుండా ఆపుతాను. వంగిపోయినవి మాత్రం…" ఆవిడ వాక్యం పూర్తి చేయలేదు. "ఎన్నాళ్లైంది మొదలై?"

"ఏడేళ్లు."

"కనీసం ఆపరేషన్ నాటికైనా చూపించుకుని ఉంటే…"

ఆ వాక్యాన్నీ పూర్తి చేయలేదు. అక్కర్లేదు. ఆమెకు తెలుసు.

ఐదేళ్లు వాడివి. రెండేళ్లు నావి.

ఏ వేలు వాడు తిన్నాడో, ఏ వేలు తన పగ తిన్నదో… ఎక్స్‌రేలో కనపడదు.

మందు పనిచేసింది. వాపు తీసింది. వెచ్చదనం పోయింది. పొద్దున గంటన్నర పట్టేది ఇప్పుడు పావుగంటే. చెల్లెలు నీళ్ల గిన్నె తెచ్చి ముందు పెడుతూ మెల్లగా కదిపింది.

"తప్పు ఒప్పుకున్నాడుగా. ఇంక వదిలెయ్యక్కా."

"వదిలేస్తాను."

"ఎప్పుడు?"

ఆమె చేతులు నీళ్లలో ముంచింది.

కిటికీలోంచి ఎండ జారి చేతుల మీద పడింది. నీళ్లలోంచి తీసి, తుడుచుకోకుండానే, కుడిచేతిని కళ్ల ముందుకు తెచ్చుకుంది. పిడికిలి బిగించాలని చూసింది.

వేళ్లు సగం దాకా వచ్చాయి.

అక్కడే ఆగాయి.

ఇంకాస్త బిగించింది…