హంపన్న బోరు నీళ్లు

“నీళ్లను అనొద్దు. బ్యాళ్లు ఉడకల్యా అంటే వండే చేతిది తప్పు.”

తెక్కలకోటకు కాపురానికొచ్చిన మూడోనాడే అత్త ఉచ్చెంగమ్మ అనిన మాట అది. ఆ పొద్దు కుక్కరు ఏడు కూతలు కూసినా పప్పుకని వేసిన కందిబ్యాళ్లు పలుకు పలుకుగానే ఉండిపోయినాయి. అనుపమ హచ్చొళ్ళిలో కాలవ నీళ్లతో పెరిగిన పిల్ల. బ్యాళ్లు ఉడకకపోవడమనేది ఒకటుంటుందనే ఎరగదు. తప్పు తనదే అనుకుని పెరట్లోకి పోయి ఏడ్చింది కూడా. ఇప్పుడు తల్చుకుంటే, ఆ ఏడ్చినదాన్ని పట్టుకుని రెండు పీకాలనిపిస్తుంది.

తప్పు బోరుది. కానీ ఆ మాట ఆ ఇంట్లో అనకూడదు. మామ హంపన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని పెరడంతా నడిస్తే, పండుకున్న టెంకాయ లేచి నిలబడిన చోట వేయించిన బోరు. ఆయన పోయి ఆరేండ్లైనా “మా నాయన బోరు, తియ్యనీళ్లప్పా” అని మొగుడు సుదర్శన్ ఊరంతా చెప్పుకుంటాడు. ఏం తియ్యనో! సబ్బు రుద్దితే నురగ రాదు. తెల్లచొక్కా నాలుగు ఉతుకులకే పాచిరంగుకు తిరుగుతుంది. కొళాయి మూతులకు, స్నానాలగది గోడలకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు గీకేది ఎవరు? అనుపమే. పిండేసిన నిమ్మచెక్కలు దాచిపెట్టి, చింతపండు నానబెట్టి, రుద్దీ రుద్దీ వేళ్ల సందులు పగిలినాయి. జుట్టు సగానికి వచ్చింది. “తల దువ్వుకునేదానికి కూడా బద్ధకమే నీకు” అంటాడు సుదర్శన్. చొక్కా చూసి “ఉతికినావా, ఊరికే ముంచి తీసినావా?” అంటాడు. పోనీ బ్యాళ్లలో చిటికెడు సోడా వేద్దామంటే కడుపుబ్బుతాదని అత్త ఒప్పుకోదు.

అందుకని పదిహేనేండ్లుగా అయిదింటికే లేచి, వీధి చివర కాలవ నీళ్ల కొళాయికి పోయి, రెండు బిందెలు తెచ్చి వంటింటి మూలన పెడుతుంది. ఇంట్లో ఎవరూ లేవకముందే. లారీలున్న ఇల్లు, ఇరవై ఎకరాల ఇల్లు, కోడలు వీధి కొళాయి కాడ నిలబడిందంటే పరువేం కాను? ఆ నీళ్లలో బ్యాళ్లు వెన్న మాదిరి ఉడికితే మెచ్చుకోలు మటుకు బోరుకు పోతుంది. “చూస్తివా, మీ మామ నీళ్లు!” అంటుంది అత్త, వేళ్లు నాక్కుంటా.

ఎనిమిదో తరగతి చదివే కూతురు మేఘ ఒకనాడు రెండు సీసాల్లో సబ్బుముక్క వేసి ఊపి చూపించింది. కాలవ నీళ్ల సీసాలో మూతిదాకా నురగ. బోరు నీళ్ల సీసాలో తెల్లటి మడ్డి. “మా కన్నడ పుస్తకంలో దీన్ని గడసు నీరు అంటారు నాన్నా. రాళ్లల్లో ఉండే సున్నమంతా కరిగి దీంట్లోకి వస్తాదంట. బాగుచేసే మిషన్ కూడా ఉండాది, తెద్దామా?” అనింది. సుదర్శన్ పడీ పడీ నవ్వినాడు. “మీ తాత నీళ్లకే వంక పెడతావా? మీయమ్మ నేర్పించిందా ఏంది?” పాపం, మగవాడు, వంటింటి సంగతి ఆయనకేం తెలుస్తాదిలే అని అనుపమే తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆ పొద్దు మామ తిథి. ఓళిగల పూర్ణానికని శెనగబ్యాళ్లు కడిగి పెట్టి, పెరట్లో పూలు కోస్తాంది. గోడవతల యశ్వంతనగర్‌కు బయల్దేరే లారీ కాడ సుదర్శన్ గొంతు వినపడింది. డ్రైవరు దురుగప్ప బోరు పైపు పట్టుకుని ఉన్నట్టుంది.

“ఏయ్ దురుగప్పా, ఆ బోరు నీళ్లు పొయ్యొద్దప్పా! రేడియేటర్‌లో పెచ్చు కట్టి ఇంజను పాడైపోతాది. దినామూ మీ అక్క కాలవ నీళ్లు తెచ్చి వంటింట్లో పెడతాది గదా, ఆ రెండు బిందెలు ఎత్తుకొచ్చి పొయ్యి.”

“అక్కకు వంటకు కావద్దా అన్నా?”

“దానిదేముందిలే, బోరుతో చేసుకుంటాది.”

తెలుసు. ఈయనకు అంతా తెలుసు. నీళ్ల సంగతి తెలుసు, తను అయిదింటికి లేచేదీ తెలుసు. దుప్పటి కింద కండ్లు మూసుకుని, పదిహేనేండ్లు బిందెల చప్పుడు వింటా పండుకున్నాడు. తెలిసీ తన చేతికి వంక పెట్టినాడు, తన జుట్టుకు వంక పెట్టినాడు. ఒళ్లు భగ్గుమనింది. అయినా కాళ్లు వాటంతటవే ఖాళీ బిందెతో వీధి గడప దాకా పోయినాయి. ఇరవై మంది చుట్టాలు వస్తాండారు, ఓళిగలు చెడితే పేరు పోతుంది. ఎవరి పేరు? గడపలోనే ఆగింది. వెనక్కి తిరిగి, బోరు కొళాయి తిప్పి గిన్నె నింపి, శెనగబ్యాళ్లు పొయ్యి మీదికి ఎక్కించింది.

మధ్యాన్నం భోజనాల బంతిలో సుదర్శన్ ఓళిగ కొరికి, మొగం చిట్లించి, పక్కకు ఊసినాడు.

“ఏందిది, గులకరాళ్లా? ఇంతమందిలో మర్యాద తీస్తివే! బ్యాళ్లు ఉడికించేది ఎప్పటికొస్తాది నీకు?”

ఉచ్చెంగమ్మ తలెత్తలేదు. చుట్టాలు నవ్వొచ్చినా ఆపుకుంటా ఆకుల్లోకి చూస్తాండారు. అనుపమ నెయ్యిగిన్నె కింద పెట్టింది.

“ఇవి మామ బోరు నీళ్లప్పా. ఉడికే నీళ్లు పొద్దున నీ లారీకి పోయించినావు గదా.”

అనుపమ కొంగుతో చేతులు తుడుచుకుంది.

“రేపట్నుంచి ఈ ఇంట్లో వంటకు ఇవే. కాలవ నీళ్లు కావాల్నంటే కొళాయి అయిదింటికి వస్తాది. ఇన్నేండ్లు నేను పోతాంటే, నువ్వు వింటా పండుకున్నావు. ఇంక నువ్వు పో. నేను పండుకుని వింటా.”