గొళ్లెంచూపు

...అయినా ఇద్దరు వాడినట్టు తేలితేనే మాట నిఘంటువులోకి ఎక్కాలన్న నియమం తను పెట్టిందే కదా, ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలి? ఆన్‌లైన్ నిఘంటువు గ్రూపులో ఆమె రాసిన "గొళ్లెంచూపు" రెండో సాక్షి లేక పడి ఉంది. నాన్న తాగొచ్చి తలుపు గొళ్లెం కదపగానే, అప్పటిదాకా నవ్వుతున్న పిల్లలు నోరు మూసుకుని ఒకరినొకరు చూసుకునే చూపు అది. ఆ మాట అక్కకీ తనకీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలీదు. అది నిలబడకపోతే ఆ చిన్నతనం కూడా తను కల్పించుకున్నదేనేమోనని ఈమధ్య అనుమానం పట్టుకుంది.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది.

"నీకేం పనీపాటా లేదా? అలాంటి మాట మనింట్లో ఎప్పుడుందే?"

"పేరు పెట్టింది నువ్వే కదక్కా!"

"నేనా? నీ మాటల పిచ్చి తగలెయ్య! చిన్నప్పట్నుంచీ ఇంతే, గోరంతలు కొండంతలు చేస్తావు."

అక్క పగలబడి నవ్వుతోంది. అంతలో అటువైపు తలుపు గొళ్లెం చప్పుడైంది. నవ్వు టక్కున ఆగిపోయింది.

"మీ బావ వచ్చారు," అని గుసగుసగా చెప్పి అక్క ఫోన్ పెట్టేసింది.

ఆమె కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చుంది. సాక్ష్యం దొరికింది గానీ రాయడానికి చేతులు రాలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అక్క ఎప్పుడూ ఫోన్ ఇలాగే పెట్టేసేది. సంసారం హడావిడిలే అని తను సరిపెట్టుకుంటూ వచ్చింది.

కంప్యూటర్ కట్టేసి, చెప్పులేసుకుని, అక్క ఇంటికి బయలుదేరింది.