ఎత్తుగా నిలిచిన టైలు

భార్య ఎల్సీ పోయిన తొమ్మిదో వారంలో, మంగళవారం ఉదయం, ఈనక్ కార్ట్‌లిడ్జ్ ముందుగదిలో పాత దుప్పటి పరిచి, గదిని వెచ్చబెట్టే నిప్పుగూడు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గూటి చుట్టూ నలభై రెండు గోధుమరంగు టైళ్లు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట తనే అతికించాడు. వాటి చోట పెట్టాల్సిన ఆకుపచ్చవి ఎల్సీ ఎంచి తెచ్చింది. రెండేళ్లుగా నడవలో డబ్బాలోనే ఉన్నాయి.

"ఈ సెకండ్ రకం సరుకు చూసి చూసి విసుగెత్తింది. ఎప్పుడు మారుస్తావు?" అని అడిగేది.

"ఈ వేసవిలో" అనేవాడు. రెండు వేసవులు వెళ్లిపోయాయి.

ఇప్పుడు మారుస్తున్నాడు. పాతవాటిలో కనీసం ఒక్క టైలైనా పగలకుండా చేతికి రావాలి.

ఎల్సీ టన్‌స్టాల్‌లోని టైళ్ల ఫ్యాక్టరీలో ఇంకా కాల్చని పచ్చి టైళ్ల అంచులు గీకి నున్నగా చేసేది. తప్పు వస్తే ఎవరిదో తెలియాలని, ఎవరు గీకిన టైలు వెనక వాళ్లు తమ గుర్తు గీసేవాళ్లు. ఎల్సీ గుర్తు ఆ అంచు నుంచి ఈ అంచుకు మూడు గీతలు, కింద చుక్క. బట్టీలో వంకరపోయినవి పనివాళ్లకే ఇచ్చేస్తే, ఈ నలభై రెండూ రోజుకు రెండు చొప్పున సంచిలో మోసుకొచ్చింది.

"నా సంతకం చదివేది నీ సిమెంటొక్కటే" అని నవ్వేది.

ఆమె చేత్తో రాసింది ఇంట్లో ఇంకేమీ లేదు. సరుకుల చీటీలన్నీ ఈ గూట్లోనే మంట రాజేయడానికి పోయాయి.

సిమెంటుతో సహా లేపుదామని ఉలిని లోతుగా దింపి కొట్టాడు. మొదటిది మూడు ముక్కలైంది. రెండోది ఐదు. సిమెంటు పెళ్లలు వాటినే అంటుకుని రాలాయి.

పదిగంటలకు ఎల్సీ చెల్లెలు ఐవీ ఓట్స్ రొట్టెలు పట్టుకొచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేసినవాళ్లు.

"తలుపు బార్లా తీసిపెట్టావేం బావా? దొంగలొస్తే?"

"రానీ. ఈ పెళ్లలు మోయిస్తాను."

"ఎన్ని తీశావు?"

"పందొమ్మిది."

"పగలనివి?"

"ఒక్కటీ లేదు."

"ముద్దల టెడ్ బ్లూర్‌ను పిలిచి ఉంటే బాగుండేది అప్పట్లో. మూలకో సిమెంటు ముద్ద, నడుమొక ముద్ద. నువ్వు గట్టిగా తుమ్మితే ఊడొచ్చేవి."

ఈనక్ నలభై ఏళ్లు టైలు వెనక అంగుళం ఖాళీ లేకుండా సిమెంటు పట్టించిన మనిషి. ముద్దలతో సరిపెట్టే మేస్త్రీ టెడ్‌ను ఊరంతా వినేలా వెక్కిరించినవాడు. ఇప్పుడు నవ్వలేదు. ఐవీ పళ్లెం కిటికీలో పెట్టి చీపురు అందుకుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఒక్కటే మిగిలింది, పైవరుసలో నడిమిది. దీనికి పద్ధతి మార్చాడు. చుట్టూ సందులు రంపపు ముక్కతో కోశాడు. పలుచని ఉలిని టైలుకూ సిమెంటుకూ మధ్య పెట్టి, సుత్తితో తట్టాడు. మళ్లీ తట్టాడు. టైలు నుగ్గై దుప్పటి మీద రాలింది.

ముక్కలు ఏరుదామని వంగినవాడు తల ఎత్తాడు. గోడ మీద సిమెంటు చెక్కుచెదరలేదు. టైలు వెనక గీసిన గాట్లలోకి దిగి గట్టిపడిన సిమెంటులో మూడు గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, కింద చుక్క.

ఐవీ చీపురు ఆపింది. "అక్కదే."

ఆ సిమెంటును అరంగుళం చెక్కేస్తేనే కొత్త టైలు తక్కినవాటితో సమంగా కూర్చుంటుంది. ఈనక్ ఉలి తీసుకున్నాడు. కాసేపటికి కింద పెట్టేశాడు.

గురువారం సాయంత్రానికి నలభై ఒక్కటి పెట్టాడు, సమంగా ఉన్నాయో లేదో రసమట్టం పెట్టి చూస్తూ. చివరిదాని వెనకంతా సిమెంటు పట్టించి ఆ గీతల మీదే అదిమాడు. కొత్త సిమెంటు గీతల మధ్యకి దిగేదాకా అరచేయి తియ్యలేదు.

ఐవీ వచ్చి పైవరుస మీద వేలు పోనిచ్చింది. నడుమ ఆగింది.

"ఇది ఎత్తుగా ఉంది బావా. నీ కింద పనివాడు ఇలా పెడితే ఏం చేసేవాడివి?"

"పీకించేవాణ్ణి."

ఆమె వేలు అక్కడే ఉంచింది. గది చల్లగా ఉంది.

"ఆరాలి. వారం దాకా నిప్పు వెయ్యకూడదు" అన్నాడు ఈనక్.

ఐవీ కోటు విప్పకుండానే అతని పక్కన కూర్చుంది.