నాలుకకు అంటిన ఎముక

కోడెదూడ తన్నితే నా మోకాలి కింద ఎముక నుగ్గయింది. ముప్ఫై ఏళ్ళుగా మా దమన్‌హూర్ ఊరి మాంసం బజారులో దూడల ఎముకలు నేను విరగ్గొడుతున్నాను. అది ఒక్కసారి బదులు తీర్చుకుంది. తప్పు పట్టడానికి లేదు.

నుగ్గంతా ఏరేస్తే ఎముకలో రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ మిగిలిందట. దాన్ని పూడ్చే సరుకు ఎలా ఉంటుందో చూపించడానికి డాక్టర్ రీహామ్ నాలుగు తెల్లటి గుళికలు నా అరచేతిలో పోసింది.

"వీటిని ఆ ఖాళీలో నింపి రేకు బిగిస్తాం హాజీ. ఇవి మెల్లగా కరుగుతుంటే ఆ చోట మీ సొంత ఎముక పెరుగుతుంది. ఇవి ఫ్యాక్టరీలో..."

ఆమెను పూర్తి చెయ్యనిస్తే నేను బయూమీని ఎందుకవుతాను? ఒక గుళిక తీసి నాలుక మీద పెట్టుకున్నాను. టక్కున అంటుకుంది. ఎండిన ఎముక అలాగే అంటుకుంటుంది. వార్డంతా నన్నే చూస్తోంది. నలుగురు చూస్తుంటే చాలు, నాకు తెలివి పొంగుకొస్తుంది.

"ఎముకల సంగతి నాకా చెప్తున్నావు డాక్టరమ్మా? ఇది కాల్చిన దూడ ఎముక. కాకపోతే నా పెళ్ళానికి తలాక్!"

మా బజారులో ఈ ఒట్టు రోజుకు నలభైసార్లు వినిపిస్తుంది. కాలేయం తాజాదని చెప్పడానికీ అదే ఒట్టు. అయితే అక్కడ పెళ్ళాలు ఉండరు. ఇక్కడ నా ఇన్సాఫ్ మంచం పక్కనే కూర్చుని నారింజ ఒలుస్తోంది.

డాక్టర్ ఆ గుళికల సీసా మీది చీటీ నా ముందు పెట్టింది. "కాల్షియం, భాస్వరం కలిపి కొలిమిలో కాల్చి చేసింది హాజీ. ఇందులో ఏ జంతువూ లేదు."

ఇన్సాఫ్ చేతులు తుడుచుకుని లేచి, సంచి భుజాన వేసుకుంది.

"టాంటాలో మా అన్న ఇంటికి పోతున్నా. నీ కాళ్ళు ఎవతె కడుగుతుందో దాంతో కడిగించుకో."

"ఒసే, మాటవరసకి అన్నానే!"

"ఇరవై ఆరేళ్ళ కాపురం నీకు మాటవరసా?"

మా మసీదు షేక్‌కి ఫోన్ చేశాను. అందరికీ వినపడేలా పెట్టమంది ఇన్సాఫ్. జరిగింది చెప్పాను.

"విడిపోవాలని అన్నావా, గొప్పకి అన్నావా?" అన్నాడు షేక్.

"గొప్పకే షేక్ గారూ."

"అయితే పెళ్ళి చెడలేదు. పదిమంది బీదలకు భోజనం పెట్టు. నీకు తెలీకుండా వాగావని అక్కడ విన్నవాళ్ళందరి ముందూ ఒప్పుకో."

వందమందికి పెట్టమన్నా పెట్టేవాణ్ణి. ఆ రెండోదే గొంతు దిగలేదు. ఇన్సాఫ్ అప్పటికే గుమ్మం దగ్గరికి పోయింది.

"నాకు తెలీదు. కోతలు కోశాను," అన్నాను.

"ఆ మూల మంచం పెద్దాయనకి వినపడినట్టు లేదు. గట్టిగా చెప్పు," అంది ఇన్సాఫ్.

చెప్పాను.

"ఇంకాస్త గట్టిగా."

మూడోసారికి నర్సులు పరిగెత్తుకొచ్చారు. అప్పుడుగానీ ఇన్సాఫ్ వెనక్కొచ్చి కూర్చోలేదు. మూల మంచం ముసలాయన దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"నాకు మొదటిసారే వినపడింది హాజీ. వినడానికి బాగుందని ఊరుకున్నా."