సీసా ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే

అక్క ఇంట్లో కవ్వం లేదు. మీగడను సీసాలో పోసి మూత బిగిస్తుంది. సీసా పట్టుకున్నవాళ్లదే మాట. మాట్లాడినంతసేపూ దాన్ని ఊపాలి.

ఆ సాయంత్రం సీసా తమ్ముడి చేతికొచ్చింది. అతను బస్సు డ్రైవరు. వెన్నంటే కాగితంలో చుట్టి అమ్మేదే తెలుసు. ఎవరి పెరట్లో కాసిన టమాటాలు పెద్దవని స్నేహితుడైన దర్జీతో పేచీకి దిగి, ఊగిపోతూ వాదించాడు.

"ఇలా తే బావా, నన్నూ ఓ ముక్క మాట్లాడనీ!" అని దర్జీ మొత్తుకున్నా ఇవ్వలేదు.

ఉన్నట్టుండి సీసాలో చప్పుడు మారింది. పల్చటి మజ్జిగలో లేత పసుపు వెన్నముద్ద తేలింది. డ్రైవరు వాదన వదిలేసి సీసాను కళ్ల ముందుకెత్తాడు.

"ఇంతసేపూ ఇది ఇందులోనే ఉందా అక్కా?"

"ఎక్కడికి పోతుందిరా?" అంది అక్క, వేడి రొట్టె తుంచుతూ.

"టమాటాల సంగతేమైంది, చెప్పు బావా," అన్నాడు దర్జీ.

డ్రైవరు తొణక్కుండా సీసాను అతని చేతిలో పెట్టాడు.

"నీ టమాటాలే పెద్దవిలే. ముందు ఇది చూడు."