గోడవైపు ఊదిన క్లారినెట్

లీలమ్మకు అన్నిటికంటే పెద్ద భయం, మామ ఇస్సాకుకు వచ్చిన క్షయ తన చంటిపాపకు అంటుతుందేమోనని. మందుల కోర్సు పూర్తయింది, రోగం పోయిందని డాక్టరు చెప్పినా, ఆమె పాపను ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

అరవై దాటిన వయసులో ఇస్సాకు, చర్చిలో పాటలకు తోడు వాయించాలని క్లారినెట్ పట్టాడు. పత్తర్‌గట్టి పెళ్లిబ్యాండులో వాయించే అంజన్, సంతోష్‌నగర్‌లోని వాళ్లింటికే వచ్చి నేర్పేవాడు. ఇస్సాకు మాత్రం ఎప్పుడూ గోడకు ముఖం పెట్టి ఊదేవాడు. తన మీద కోపంతోనే అలా తిరిగి కూర్చుంటున్నాడనుకుంది లీలమ్మ.

"గోడకు పెండ్లి చేస్తున్నవా కాకా? జర గిటు తిరుగు," అన్నాడు అంజన్ ఒకరోజు.

"ఇంట్ల పసిపిల్ల ఉన్నది భాయ్. నా ఊపిరి దాని మీద పడొద్దు. గోడకైతే ఏం ఫికర్ లేదు."

వంటింట్లో రొట్టె చేస్తున్న లీలమ్మ చెయ్యి ఆగిపోయింది. అంజన్ వెళ్లాక పాపను తెచ్చి మామ ఒడిలో పెట్టింది.

"నల్లా వచ్చింది మామా. నీళ్లు పట్టుకొస్త, జర చూస్తుండు."

వీధి నల్లా కింద బిందె నిండుతున్నా ఆమె మనసు ఇంటి గుమ్మం దగ్గరే ఉంది. మీరు అటువైపు వెళ్తే, ఒక్కసారి లోపలికి తొంగిచూసి, పాప ఎలా ఉందో ఆమెకు చెప్పండి.